చేర్యాల పటం విప్పితే

జనగామ స్టేషనులో రైలు దిగి, సిద్దిపేట పోయే బస్సెక్కి, బచ్చన్నపేట దాటినవారు కాస్త మెలకువగా ఉండాలి. లేకపోతే చేర్యాల వచ్చి వెళ్ళిపోయినా తెలియదు. జనగామకూ సిద్దిపేటకూ నడుమ, దాదాపు సగం దారిలో ఉన్న ఊరు ఇది. ఊళ్ళో కోట లేదు. బస్సులాపి జనం దిగి చూసే శిల్పాల గుడీ లేదు. బస్టాండు, చుట్టూ చిన్న చిన్న కొట్లు, ఎరువుల దుకాణాలు, టీ బంకులు - తెలంగాణలో ఏ ఊరికి పోయినా కనిపించే దృశ్యమే ఇక్కడా కనిపిస్తుంది. అయినా ఈ ఊరి పేరు దేశాంతరాల్లో మ్యూజియములు నడిపేవారికి తెలుసు. కారణం ఇక్కడి పటాలు. గుడ్డమీద గీసి, చాపచుట్టలా చుట్టి, ఊరూరా తీసుకుపోయి, విప్పి కథ చెప్పే పటాలు.

చేర్యాలది చిత్రమైన జాతకం. ఊరు కదలలేదు గాని జిల్లాలు మారాయి. నిజాం కాలంలో ఈ జనగామ ప్రాంతమంతా నల్లగొండ జిల్లా కింద ఉండేది. తరువాత వరంగల్లు జిల్లాలో కలిసింది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు చేర్యాల సిద్దిపేట జిల్లాకు వచ్చింది. ఈ ఊరి చరిత్ర రాయదలచినవాడు ఒక రికార్డు నల్లగొండ పేరున, ఒకటి వరంగల్లు పేరున, ఒకటి సిద్దిపేట పేరున వెతుక్కోవాలన్నమాట. కాగితం మీది చరిత్ర ఇలా మూడుచోట్ల చెల్లాచెదరయింది. మరి ఊరివాళ్ళు తమ చరిత్రను తాము ఎక్కడ దాచుకున్నారు? ఆ సంగతి తెలుసుకుందామనే నేను చేర్యాల వెళ్ళాను.

నకాషీవారి ఇల్లెక్కడ అని అడిగితే చిన్నపిల్లలు కూడా దారి చూపుతారు. నకాషీ అనేది ఇక్కడి చిత్రకారులకు ఉర్దూ నుంచి వచ్చిన పేరు. ‘నక్ష్’ అంటే చిత్రం, ‘నక్కాష్’ అంటే చిత్రించేవాడు. నిర్మల్‌లో కొయ్యబొమ్మలు చేసేవారిదీ ఇదే పేరు. చేర్యాలలో ఈ విద్యను తరతరాలుగా పట్టుకొని వస్తున్న కుటుంబాలలో ధనాలకోటవారిది పేరున్న ఇల్లు. ఒకప్పుడు తెలంగాణ పల్లెల్లో అక్కడక్కడా నకాషీలు ఉండేవారట. ఇప్పుడు ఈ విద్యకు చేర్యాలే చిరునామా అయింది.

నేను వెళ్ళేసరికి వసారాలో ఒకాయన గుడ్డకు పూత పూస్తున్నాడు. ముతక ఖద్దరు గుడ్డ. బియ్యపు గంజి, సుద్దమన్ను, చింతగింజల అంబలి, చెట్టు బంక - ఇవి కలిపిన లేపనం దానికి పట్టించాలి. ఒకసారి పట్టిస్తే చాలదు. ఆరబెట్టి మళ్ళీ పూయాలి, మళ్ళీ ఆరబెట్టాలి. మూడు పూతలు పడితే గాని గుడ్డ రంగుకు లొంగదు. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించి చేసే ఆ అంబలి గుడ్డకు బిగువునిస్తుంది. చుట్టినా విప్పినా రంగు పెచ్చులూడకుండా కాపాడేది అదే.

పూత ఆరిన తరువాత పెన్సిలు గీతలంటూ ఏమీ లేవు. కుంచెతోనే నేరుగా బొమ్మ కడతారు. సన్నని గీతలకు ఉడుత వెంట్రుకల కుంచె. వెనుక భాగమంతా ఎర్రరంగు. చేర్యాల బొమ్మను నూటిలో ఉన్నా గుర్తుపట్టించేది ఆ ఎరుపే. పూర్వం రంగులన్నీ ఇంట్లోనే నూరుకునేవారు. ఎరుపుకు ఇంగిలీకం, నలుపుకు దీపపు మసి, నీలానికి నీలిమందు, తెలుపుకు శంఖపు పొడి. ఇప్పుడు దుకాణంలో దొరికే రంగులు కూడా వాడుతున్నారు. దేవతలకు నీలమో పసుపో, రాక్షసులకు ముదురు గోధుమరంగు - ఇలా ఎవరి మేనికి ఏ రంగో కూడా ఒక కట్టుబాటు ఉన్నది. దూరంగా కూర్చున్నవాడికి, ఆముదం దీపం వెలుతురులో, దేవుడెవరో రాక్షసుడెవరో చటుక్కున తెలియాలి గదా!

"ఇంత పొడుగు పటం ఎవరు కొంటారయ్యా?" అని అడిగాను.

ఆయన నవ్వి, "ఇది గోడకు పెట్టేతందుకు గాదు సార్, కథ చెప్పేతందుకు. గీసుడు మా వంతు, చెప్పుడు వాళ్ళ వంతు" అన్నాడు.

ఆ ‘వాళ్ళు’ ఎవరన్నదే అసలు సంగతి. తెలంగాణలో కులకులానికీ ఒక పురాణం ఉన్నది. ఆ పురాణం చెప్పడానికి ఆ కులాన్ని ఆశ్రయించి బ్రతికే కథకులు వేరే ఉన్నారు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెపుతారు. ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ చెపుతారు. గీతపని చేసే గౌడులకు గౌడజెట్టివారు గౌడపురాణం చెపుతారు. చాకలివారికి పటంవారు మడేలు పురాణం, మాదిగలకు డక్కలివారు జాంబపురాణం చెపుతారు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులవారు మాత్రం పటం బదులు కొయ్యబొమ్మలు తెస్తారు. ఒక్కొక్క బొమ్మను పెట్టెలోంచి తీసి ముందు నిలబెడుతూ కథ నడుపుతారు. ఆ బొమ్మలను చేసేదీ నకాషీలే.

పటం గజం వెడల్పు ఉంటుంది. పొడుగు 30 అడుగులు, 40 అడుగులు, 60 అడుగుల దాకా పోతుంది. పైన వినాయకుడు మొదలైన దేవతలు. ఆ కింద అడ్డంగా వరుసలు, వరుసకూ వరుసకూ మధ్య పూలతీగ అంచు. సాయంత్రం ఊరి నడుమ గుంజలు పాతి, వాటికి పటం కట్టి, కథ నడిచినకొద్దీ ఒక్కొక్క వరుస విప్పుతూ పోతారు. ముఖ్య కథకుడు కర్రతో బొమ్మను చూపుతూ పాడతాడు, మాట చెపుతాడు, మళ్ళీ పాడతాడు. వంతపాటకు ఇద్దరు ముగ్గురు, తాళాలు, మద్దెల, హార్మనీ. ఒక్కొక్క కథ రాత్రుల తరబడి సాగుతుంది. సినిమా పుట్టక ముందే మన పల్లెవాళ్ళు ఇలా వరుసగా కదిలే బొమ్మల్ని చూస్తూ కథ విన్నారు.

ఏ ఊళ్ళో ఏ కుటుంబం కథ చెప్పాలన్నది కూడా నిర్ణయమై ఉంటుంది. దీన్ని మిరాశీ అంటారు. ఫలానా ఇన్ని ఊళ్ళు ఫలానా ఇంటివారివి. అన్నదమ్ములు వేరుపడితే పొలం పంచుకున్నట్లే ఊళ్ళనూ పంచుకుంటారు. ఇంకొకరి ఊళ్ళో కాలుపెడితే తగాదా. ఈ హక్కులు రాయించిన రాగిరేకులను కొన్ని కుటుంబాలు భద్రంగా దాచుకున్నాయి. ఊళ్ళోని ఇళ్ళవాళ్ళు ఎవరెవరు, ఎవరి తాత ఏమిచ్చాడు, ఎవరి వంశం ఎక్కడికి వలసపోయింది - ఇదంతా కథకుడికి కంఠతా ఉంటుంది. పురాణం అయిపోయిన తరువాత ఇచ్చినవారి పేర్లు, గోత్రాలు ఎత్తి పొగడటం అతని వృత్తిధర్మం. కొన్ని పాత పటాల మీద గీసిన నకాషీ పేరు, గీయించుకున్నవారి పేరు, సంవత్సరము కూడా రాసి కనిపిస్తాయి. పటేలు పట్వారీల దగ్గర భూమి లెక్కలుంటే, ఈ కథకుల దగ్గర మనుషుల లెక్కలుండేవి.

"పురాణం చరిత్ర ఎలా అవుతుందండీ?" అని మీరడగవచ్చు. భావనారుషి విష్ణుమూర్తి నాభికమలపు తూడునుంచి దారం తీసి మొదటి గుడ్డ నేశాడనీ, భూమి పుట్టక ముందే ఆదిజాంబవుడున్నాడనీ చరిత్రకారుడు ఒప్పుకోడు. నిజమే. కాని ఆ భావనారుషి పక్కన గీసిన మగ్గం చూడండి. అది తెలంగాణ పల్లెలోని మగ్గం. గౌడపురాణంలో గీతగాడి నడుముకున్న మోకు, ముత్తాదు చూడండి. రాణిగారు కట్టిన చీరకట్టు, వంటింట్లోని కుండల వరుస, ఎడ్లబండి, గుడిసె మీది తాటాకు - ఇవేవీ స్వర్గం నుంచి దిగినవి కావు. నకాషీ తన ఇంటి చుట్టూ చూసినవే గీశాడు. శాసనాలు రాజుల దానాలు చెపుతాయి, తవారీకులు నవాబుల దండయాత్రలు చెపుతాయి. నేతగాడు, గీతగాడు, చాకలి, మాదిగ కథకు నాయకులుగా నడిమధ్య నిలబడే చరిత్రపుస్తకం ఈ పటం తప్ప ఆ రోజుల్లో మరొకటి ఎక్కడున్నది? "లోకానికి గుడ్డ కట్టినవాళ్ళం మేము" అని ఒక కులం తన పిల్లలకు చెప్పుకోవడం కూడా చరిత్రే.

నకాషీగారి ఇంటి దగ్గరే ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పటం కథ చెప్పే ఇంటివాడు. డెబ్బై దాటి ఉంటాయి. కొత్త పటం గీయించడానికి బేరం ఆడటానికి వచ్చాడేమో అనుకున్నాను. కాదట. ఊరికే పాత స్నేహం కొద్దీ వచ్చాడు. ఆయనతో మాట్లాడుతుంటే నాకొక కొత్త సంగతి తెలిసింది.

"మీ ఇంట్లో ఎంత పాత పటం ఉన్నది తాతా?" అన్నాను.

"పాతదేడ ఉంటది సారూ? గంగల గలిపినం గదా" అన్నాడు.

పటం అంటే వారికి బొమ్మల గుడ్డ కాదు, దేవుడు. అందుకే పటం గీయడం పూర్తయినా కళ్ళు మాత్రం ఆఖరుకు ఉంచుతారు. మంచిరోజు చూసి, పూజచేసి, కళ్ళు దిద్దుతారు. అప్పటినుంచి దానికి ప్రాణం వచ్చినట్లు లెక్క. చిరిగి, రంగు వెలిసి, ఇక విప్పడానికి వీలులేనంత ముసలిదైనప్పుడు దానికి మనిషికి చేసినట్లే కర్మకాండ చేసి నీళ్ళలో కలుపుతారు. కొత్త పటం మీదికి అదే కథ, అదే వరుసలో ఎక్కుతుంది.

నాకు గుండె జారినంత పనయింది. "ఎన్ని వందల ఏళ్ళ బొమ్మలు అలా నీళ్ళపాలయ్యాయో!" అన్నాను.

ముసలాయన నా వంక జాలిగా చూశాడు. "గుడ్డ పోతది సారూ, కథ పోదు. మా తాత పటం గంగల గలిస్తే మా నాయిన కొత్తది గీపిచ్చిండు. మా నాయినది గలిస్తే నేను గీపిచ్చిన. ఇప్పుడు నాది పాతబడ్డది. కొత్తది గీపిచ్చేటోడు లేడు. నా కొడుకు పట్నంల పనిజేస్తడు. గది జూసి బాధపడాలె" అన్నాడు.

ఆయన మాట తిరిగి తిరిగి ఆలోచిస్తే అందులోని లెక్క బోధపడింది. పాత పటం నీళ్ళలో కలపడం వల్లనే నకాషీకి తరానికొకసారి కొత్త పటం పని దొరికేది. తండ్రి చేతి కుంచె కొడుకు చేతికి వచ్చేది. కథకుడు పక్కన కూర్చుని ఏ వరుసలో ఏమి రావాలో చెప్పి గీయించేవాడు గనుక కథ ఇంకొకసారి మొదటినుంచి చివరిదాకా వల్లె అయ్యేది. కులపెద్దలు చందాలు వేసుకునేవారు గనుక ఊరికి తన కథ మీద హక్కు మళ్ళీ గుర్తుకు వచ్చేది. ఒక గుడ్డను పోగొట్టుకుని మూడు సంగతుల్ని నిలుపుకున్నారు.

అలాగని పాత పటాలు దాచడం తప్పని నేననను. హైదరాబాదులో జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ దంపతులు ఎవరూ పట్టించుకోని రోజుల్లో తెలంగాణ పటాలను వెతికి వెతికి సేకరించారు. 1976లో వారి పేరున మ్యూజియము ఏర్పడింది. ఆ సేకరణలో 17వ శతాబ్దం నాటి పటం కూడా ఉన్నది. అది ఏటిలో కలవకుండా మిగిలింది గనుకనే, ఈ కళ కనీసం నాలుగు వందల ఏళ్ళ నాటిదని ఈనాడు ధైర్యంగా చెప్పగలుగుతున్నాము. పాతదాన్ని, కొత్తదాన్ని పక్కపక్కన పెడితే కట్టు, బొట్టు, ఇల్లు, వాకిలి ఎలా మారాయో కనిపిస్తుంది. ఆచార్య జయధీర్ తిరుమలరావు, ఆచార్య గూడూరు మనోజ పల్లెపల్లె తిరిగి పటాలు, వాద్యాలు, పనిముట్లు సేకరించి ‘ఆద్యకళ’ పేరున ప్రజల ముందు పెట్టారు. వీరంతా చేసింది మహోపకారం. కాని మ్యూజియములో పటం ఒక్కటే ఉంటుంది. పక్కన కర్ర పట్టుకుని నిలబడ్డ మనిషి ఉండడు.

చెరిగిపోయే బొమ్మ మీద నిలిచిపోయే కథ ఈ ప్రాంతంలో ఇంకొకటి కూడా ఉన్నది. చేర్యాలకు కొద్ది దూరంలోనే కొమురవెల్లి మల్లన్న క్షేత్రం. సంక్రాంతి మొదలు ఉగాది దాకా ఆదివారం ఆదివారం జాతర. బండారి పసుపుతో కొండంతా పచ్చబడుతుంది. అక్కడ ఒగ్గువారు నేలమీద పసుపు, కుంకుమ, తెల్లపిండి, ఆకుపచ్చ పొడులతో ‘పట్నం’ వేస్తారు. మహాశివరాత్రి నాటి పెద్దపట్నం చూడవలసిందే. గంటల తరబడి వంగి, వేళ్ళ సందుల్లోంచి పొడి జార్చి, అంత పెద్ద ముగ్గు తీర్చి, చివరికి మల్లన్నను తలచుకుంటూ దాన్ని తొక్కి చెరిపివేస్తారు. మర్నాటికి నేలమీద రంగు మరక తప్ప మిగలదు. అయినా మరుసటి ఏడు అదే పట్నం, అవే గీతలు, బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మల అదే కథ. ఒగ్గుకథకు దేశమంతటా పేరు తెచ్చిన చుక్క సత్తయ్యగారు ఈ జనగామ ప్రాంతంవారే. 2014కు గాను కేంద్ర సంగీత నాటక అకాడెమీ పురస్కారం అందుకున్నారు. 2017లో ఆయన కన్నుమూశారు. కాని ఒగ్గుకు శిష్యులున్నారు, జాతర ఉన్నది, వినే జనం ఉన్నారు. అందుకే అది నిలిచింది.

ఇక రాతితో కట్టినదాని సంగతి కూడా చూద్దామని బైరాన్‌పల్లి వెళ్ళాను. ఇదీ చేర్యాల ప్రాంతపు పల్లెయే. ఊరి నడుమ పెద్ద బురుజు ఉన్నది. రజాకార్ల దోపిడీలకు ఎదురు నిలిచి ఊరివాళ్ళు దళంగా ఏర్పడి, ఈ బురుజు మీద నుంచి కాపలా కాశారు. 1948 ఆగస్టు 27న తెల్లవారకముందే రజాకార్లు, నిజాం బలగాలు వచ్చి ఊరిని చుట్టుముట్టి పదుల సంఖ్యలో గ్రామస్థులను కాల్చి చంపారు. భారతసేన హైదరాబాదు సంస్థానంలో అడుగుపెట్టింది సెప్టెంబరు 13న. పద్దెనిమిది రోజులలోపు తేడా! ఇప్పుడు ఊరిని ‘వీర బైరాన్‌పల్లి’ అని పిలుస్తారు. బురుజు గట్టిగానే నిలిచి ఉన్నది. కాని ఆనాడు పదేళ్ళ పిల్లలుగా ఉన్నవారు ఇవాళ తొంభై ఏళ్ళకు దగ్గరపడ్డారు. వారు చెప్పగా విని రాసుకోవడానికి మిగిలిన వ్యవధి ఎంతో లెక్క కట్టనక్కరలేదు. చెప్పేవారు పోతే బురుజు కూడా నోరులేని రాయే.

మళ్ళీ చేర్యాల పటాల దగ్గరకు వద్దాం. ఒక విధంగా నకాషీల కష్టాలు కొంత గట్టెక్కాయి. 1970ల తరువాత ప్రభుత్వ హస్తకళా సంస్థల ప్రోత్సాహంతో పొడుగు పటాల బదులు ఒకటి రెండు వరుసల చిన్న బొమ్మలు, అద్దం చట్రాల్లో పెట్టే బొమ్మలు, రంపపు పొట్టు, చింతగింజల అంబలి కలిపి చేసే ముఖాలు తయారయ్యాయి. అవే నగరాల్లో అమ్ముడవుతున్నాయి. చేర్యాల చిత్రాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ధనాలకోట వైకుంఠంగారి వంటి చిత్రకారుల కుటుంబాలు బయటివారికి కూడా ఈ విద్య నేర్పుతున్నాయి. కుంచె బ్రతికింది. సంతోషమే. కాని చిన్న చట్రంలో బతుకమ్మ ఆడే ఆడవాళ్ళు, నాట్లువేసే కూలీలు కనిపిస్తారు గాని, యాభై వరుసల కథ ఆ చట్రంలో పట్టదు. కొన్నవారికి కథ అక్కరలేదు. కథ చెప్పేవారికి కొనే స్తోమతు లేదు. గీసేవాడికీ చెప్పేవాడికీ మధ్య ఉన్న ముడి జారిపోతున్నది. చేర్యాలలో ఇవాళ ప్రమాదంలో ఉన్నది బొమ్మ కాదు, ఆ ముడి.

ఇది కట్టరాని ముడి అనుకోను. పూర్వం మనవాళ్ళు ఇంతకంటే కష్టమైన పనులు చేశారు. కొమర్రాజు లక్ష్మణరావుగారి పేరు పెట్టుకున్న పరిశోధక మండలివారు నిజాం రాజ్యంలో ఊరూరా తిరిగి రాతల నకళ్ళు తీసి 1935లో ‘తెలంగాణా శాసనములు’ అచ్చువేశారు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ప్రకటించి, జనం తిన్నది, కట్టినది, ఆడినది, పాడినది కూడా చరిత్రేనని చూపారు. బిరుదురాజు రామరాజుగారు పల్లెపాటలను విశ్వవిద్యాలయానికి తీసుకుపోయారు. వారి చేతిలో రికార్డు చేసే సెల్‌ఫోను లేదు. ఇవాళ అది పదో తరగతి పిల్లవాడి జేబులో కూడా ఉన్నది.

చేర్యాల ప్రాంతపు బడులు ఏడాదికి ఒక్కసారి ఒక కథకుణ్ణి పిలిచి పటం విప్పించవచ్చు. కులసంఘాలు భవనాలు కడుతున్నాయి, మంచిదే. ఆ భవనం ప్రారంభం నాడు తమ పురాణం ఒక రాత్రి చెప్పించవచ్చు. ఒక్క కొత్త పటానికి చందా వేసుకుంటే నకాషీకి పని, కథకుడికి గౌరవం, పిల్లలకు తమ కథ - మూడూ దక్కుతాయి. పాత పటం నీళ్ళలో కలిపే ముందు నిలువునా ఫోటోలు తీయించి, చెప్పే మాటలు రికార్డు చేసి, కథకుడి పేరు, ఊరు, మిరాశీ పల్లెలు రాసిపెడితే ఆచారమూ చెడదు, ఆధారమూ పోదు.

మీరు చేర్యాల వెళితే తప్పక ఒక బొమ్మ కొనండి. ధర గురించి మరీ గీచి గీచి బేరమాడకండి. డబ్బిచ్చి తిరిగి వచ్చేయకుండా, ఇది ఏ కథలోది, ఎవరి పురాణం, దీనికి ముందు వరుసలో ఏముంటుంది, తరువాత ఏముంటుంది, ఈ కథ ఇప్పుడు చెప్పేవారు ఏ ఊళ్ళో ఉన్నారు అని అడగండి. అడిగేవారుంటే నకాషీలకు చెప్పడమంటే సంబరం. ఆ సమాధానాలు చట్రం వెనుక అట్టమీద రాయించుకోండి. రేపు మీ మనవరాలు ఆ బొమ్మ ఎవరిదని అడిగినప్పుడు, గోడమీది నుంచి తీసి, వెనక్కు తిప్పి, కథ మొదలుపెట్టవచ్చు.